ఉత్తరాల జాబితాలో మీ పేరు ఉన్నదా?

సంచికలు పోస్టులో వెళ్ళే రోజుల్లో చందాదారు ఇల్లు మారిన సంగతి పోస్టుమాన్ వల్ల తెలిసేది. కట్ట తిరిగివస్తే గుమాస్తా పట్టికలో ఆ పేరు పక్కన గుర్తు పెట్టి, ఎరిగినవారిని అడిగి కొత్త చిరునామా కనుక్కునేవాడు. ఈమెయిలు జాబితాలు వచ్చాక ఆ పనిని యంత్రానికి అప్పగించాము. యంత్రం అడగదు, తీసివేస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి 1986 నుంచి ఉన్నది. ఆ సంవత్సరం పారిస్‌లో విద్యార్థిగా ఉన్న ఎరిక్ థామస్ ‘లిస్ట్‌సర్వ్’ను రాశాడు. ఒక చిరునామాకు రాస్తే సభ్యులందరికీ చేరడం, చేరడానికైనా వైదొలగడానికైనా యంత్రానికే ఉత్తరం రాయడం అప్పటి నుంచి అలవాటైనవే. తర్వాత వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్లలో ‘మెయిల్‌మన్’ ఎక్కువ విశ్వవిద్యాలయాలకు చేరింది. అందుచేత దాని 2.1 రూపాన్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాము.

హోసూరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారనుకుందాం. ఫోన్‌లోని ఫోటోలతో ఆయన మెయిలు స్థలం నిండిపోయింది. జాబితా పంపిన ఉత్తరం తిరిగివస్తుంది. అలా తిరిగివచ్చినప్పుడల్లా, రోజుకు ఒకటి మించకుండా, ఆయన పేరు మీద ఒక మార్కు పడుతుంది. ఏడు రోజులపాటు మళ్ళీ ఏదీ తిరిగిరాకపోతే పాత లెక్క చెల్లదు. ఐదు మార్కులైతే మాత్రం బట్వాడా ఆగిపోతుంది. తర్వాత వారానికొకటి చొప్పున మూడు హెచ్చరికలు పంపి, జవాబు లేకపోతే పేరు కొట్టివేస్తుంది. ఆ హెచ్చరికలు వెళ్ళేది కూడా నిండిపోయిన ఆ పెట్టెకే! జాబితాలో చర్చ ఆగిపోయిందని ఆయన అనుకుంటారు. ఆయనకు ఆసక్తి తగ్గిందని మనం అనుకుంటాము.

కొన్నిసార్లు సభ్యుని వైపు ఏ లోపమూ ఉండదు. 2014 ఏప్రిల్‌లో యాహూ సంస్థ తన చిరునామాల పేరిట ఇతర యంత్రాల నుంచి వచ్చే ఉత్తరాలను తిరస్కరించవలసిందిగా ప్రకటించింది. దొంగ ఉత్తరాలను ఆపడానికి చేసిన ఏర్పాటు అది. కాని జాబితా కూడా సభ్యుని పేరుతో తన యంత్రం నుంచే పంపుతుంది కదా. యాహూ సభ్యుడు ఒకరు ఉత్తరం రాస్తే అది జీమెయిలు సభ్యుల వద్ద తిరస్కారానికి గురైంది; మార్కులు రాసినవారికి కాక, అందుకోవలసినవారికి పడ్డాయి. అటువంటి ఉత్తరాలకు పంపినవారి చిరునామా స్థానంలో జాబితా చిరునామా వేసే సదుపాయం తర్వాతి కూర్పుల్లో వచ్చింది. నిర్వాహకులు దానిని ఎంచుకున్నారో లేదో చూడాలి.

తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. మొదట్లో ఉండే అమరిక ప్రకారం 40 కిలోబైట్లు మించిన ఉత్తరం నిర్వాహకుని అనుమతి కోసం ఆగిపోతుంది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి గనుక పద్దెనిమిది బైట్లు. ప్రయాణం కోసం మార్చి కట్టే పద్ధతిలో ఇరవై నాలుగు. రంగులూ అలంకారాలూ ఉన్న ఉత్తరమైతే అదే పాఠం రెండు ప్రతులుగా వెళుతుంది. నాలుగైదు పుటల వ్యాసం అక్కడే చిక్కుకుంటుంది. తెలుగు జాబితాకు ఈ పరిమితి పెంచక తప్పదు. పెంచడం ఒక్క నిమిషం పని.

సభ్యులు చేయవలసినవి కొద్దే. వైదొలగదలచినవారు ఆ మాట అందరికీ చేరే చిరునామాకు రాయకూడదు. ప్రతి ఉత్తరం అడుగున సాధారణంగా అందుకు వేరే దారి ఇచ్చి ఉంటుంది. నెల రోజులు ఊరికి వెళ్ళేవారు పేరు తీయించుకోనవసరం లేదు, బట్వాడా మాత్రం ఆపుకోవచ్చు. ఉత్తరాల తాకిడి ఎక్కువనుకుంటే అన్నీ ఒక కట్టగా వచ్చే పద్ధతి ఎంచుకోవచ్చు. విశ్వవిద్యాలయపు చిరునామాతో చేరిన విద్యార్థులు చదువు ముగియకముందే, అది పనిచేస్తుండగానే, సొంత చిరునామాకు మారాలి.

అయితే ఈ సూచనలు సభ్యులు చదవగలిగిన లిపిలో ఉండాలి. తమిళనాడులో, కర్ణాటకలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో కన్నడమో మాత్రమే నేర్చినవారు చాలామంది. బరంపురం, షోలాపూరు వంటి చోట్ల ఒడియా, మరాఠీ మాటా ఇంతే. జాబితాలో చేరడానికి పంపే ధ్రువీకరణ ఉత్తరం తెలుగులోనో ఇంగ్లీషులోనో మాత్రమే ఉంటే, జవాబు ఇవ్వాలని తెలియక వారు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఆ నాలుగు వాక్యాలను ఆయా లిపుల్లో రాయించడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

బట్వాడా ఆగినప్పుడు యంత్రం నిర్వాహకునికి కబురు పంపుతుంది. దానిని చదవకుండా చెరిపేసే అలవాటు మానాలి. చేరేటప్పుడే ప్రతి సభ్యుని ఫోను నంబరు వేరే పుస్తకంలో రాసుకుని, కబురు వచ్చిన వారంలోగా ఒకసారి మాట్లాడితే చాలు. పేరు కొట్టివేయడానికి ఇంకా రెండు వారాల గడువు ఉంటుంది.