మీకు తెలుసా? పందుల దొడ్డి జబ్బు ఆవుల కొట్టానికీ రావచ్చు

పాలు ఉన్నట్టుండి తగ్గి, జున్నుపాలలా పసుపుపచ్చగా చిక్కబడ్డాయా? పొదుగువాపైతే పొదుగు గట్టిపడి వేడిగా ఉంటుంది. ఇక్కడ నాలుగు చన్నులూ మెత్తగా వేలాడతాయి. లెప్టోస్పైరోసిస్ కావచ్చు, పశువైద్యుడికి చూపించండి.

ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిలో ఒక్కో రకానికి ఒక్కో ఇల్లు. హార్డ్జో రకానికి ఆవులు, పొమోనాకు పందులు, కానికోలాకు కుక్కలు. మూత్రపిండాల్లో తిష్ఠవేసి, నెలల తరబడి మూత్రంలో బయటికొస్తుంది. సొంత ఇంట్లో చాలాసార్లు గుట్టుగానే ఉంటుంది. గడప దాటితేనే ఎక్కువ భయం. పందుల దొడ్డి నీరు చూడి ఆవులు తాగే కుంటలోకి పారితే, కొన్ని వారాలకు ఆవు ఈసుకుపోవచ్చు. అప్పటికి ఆ నీళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? తడినేలలో వారాలు బతికే ఈ క్రిమి, నేల బాగా ఆరితే త్వరగా చస్తుంది. కొట్టం పొడిగా ఉంచడం అందుకే అంత ముఖ్యం.

మనం ఈ జబ్బును ఎలుక జ్వరం అంటాం. ఆ పేరు వల్లే అనుమానం ఎలుక దగ్గరే ఆగిపోతోంది. పాలు పితికేటప్పుడు ఆవు మూత్రం కంట్లో చిందినా, పగిలిన మడమలతో ఆ మూత్రం కలిసిన బురద తొక్కినా మనిషికి సోకవచ్చు. జ్వరమొస్తే, ఇంట్లో పశువు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.