కుజునిపై నీడగడియారము

దుమ్ముతో నిండిన కుజాకాశము క్రింద తీసిన ఛాయాచిత్రమునందు శిలల నిజవర్ణ మెట్టిదో నిర్ణయింపవలెనన్న, వర్ణములు ముందే తెలిసిన వస్తువొకటి అదే వెలుతురున కెమెరా యెదుట నుండవలెను. ఈ యక్కరనుండి పుట్టినది 8 సెంటీమీటర్ల భుజముగల ఒక చతురస్రపు పలక; మూలల నాలుగు రంగులు, నడుమ నీడకై నిలిపిన చిన్న శంకువు. తండ్రివలన నీడగడియారములపై మక్కువ యబ్బిన విజ్ఞానప్రచారకుడు బిల్ నై దానిని చూచి, ఈ నీడచేత కాలమును గూడ చెప్పింపవచ్చునని సూచింపగా, ఖగోళజ్ఞుడు వుడి సలివన్, చిత్రకారుడు జాన్ లొంబర్గ్ మున్నగువారు దానిని గడియారముగ తీర్చిదిద్దిరి. 2001లో పోవలసిన నౌక రద్దైనను ఆలోచన నశింపక, కుజుని పేరు వంగభాషతో సహా 17 భాషలలో చెక్కబడిన ఆ పలక, 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ అను రోవర్ల వీపు నెక్కి కుజునిపై దిగినది.

రోవరు నేడొక దిక్కునకు, రేపొక వాలునకు తిరుగుచుండును గనుక పలకపై గంటల గీతలు చెక్కుట వ్యర్థము. చిత్రము భూమికి చేరిన పిదప, ఆనాటి నిలుకడకు తగినట్లు కంప్యూటరు వానిని గీయును. అన్నవరము కొండమీది నీడగడియారమును చూచినవారికి ఈ మార్పెంత గొప్పదో తెలియగలదు: అచట కదలని పీఠముపై శాశ్వతముగా నిలిచిన గీతలను ఇచట గణితమున కప్పగించిరి.

ఆ గణితమునకు కుజుడు పెట్టిన పరీక్ష తేలికైనది కాదు. ఏ గ్రహముపైనను సూర్యుడు గడియారమునకు సరిగా నడువడు. అక్షము వంగియుండుట ఏటికి రెండుమారులును, కక్ష్య దీర్ఘవృత్తమగుట ఒకమారును అతనిని ముందు వెనుకలకు జరుపుచుండును. భూమిపై మొదటిదానివలని భేదము దాదాపు 10 నిమిషములు, రెండవదానివలనిది 8 నిమిషములకు లోపు. ఇంచుమించు సమబలముగల యీ రెండును పెనగులాడుటచేతనే, నిత్యము ఒకే వేళకు గుర్తించిన సూర్యస్థానములు ఏడాదికి 8 అంకెగా రూపొందును. కుజుని అక్షము 25 డిగ్రీలు వంగి మన భూమిని పోలినదే యగుటచే, ఉత్తరాయణ దక్షిణాయనములు మనకు పరిచితమైన తీరుననే సాగును. కాని దూరము 20.7 కోట్ల కిలోమీటర్లు మొదలు 24.9 కోట్ల వరకు మారుచుండ, గ్రహవేగము సెకండునకు 26.5 కిలోమీటర్లనుండి 22కు తగ్గును. ఇందువలని భేదము 40 నిమిషములు దాటగా, అక్షమువలనిది 12 నిమిషములైనను లేదు. బలవత్తరమైన దాని యెదుట బలహీనమైనది అణగిపోయి, 8లోని ఒక వలయము మాయమై, నీటిబొట్టు ఆకృతి మిగులును. అచటి నీడ సగటు గడియారముకంటె ఒకప్పుడు 50 నిమిషములు వెనుకబడి, మరియొకప్పుడు 40 నిమిషములు ముందుండును.

ఈ లెక్కను కన్నులకు గట్టించినది ఆపర్చునిటీ. 2006 జూలై మొదలు 2008 జూన్ వరకు, అనగా 687 భూదినముల కుజవర్షమంతయు, మూడు కుజదినముల కొకమారు ఒకే వేళకు అది సూర్యుని చిత్రింపగా, ఆ బిందువులు కలిసి బొట్టైనవి. అక్షము మూడు డిగ్రీలే వంగిన గురునిపై ఆ రేఖ అండాకృతి దాల్చును. బుధునిపైనైతే సూర్యుడు కొంతకాలము వెనుకకే నడచును.

ఉపాధ్యాయులారా, బడి ఆవరణలో నిటారుగా ఒక గడ నాటించి, ఏడాది పొడుగునను వారమున కొకమారు సరిగా 12 గంటలకు నీడకొనను పిల్లలచేత గుర్తింపజేయుడు. మన భూమి గీయు 8ని వారు పుస్తకమున గాక, నేలమీదనే చూతురు గాక.