జారే చక్రానికి కళ్లెం

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం దొర్లాలి. రెండు చక్రాల నడుమ 1.5 మీటర్ల ఎడం ఉన్న కారు ఒక పూర్తి చుట్టు తిరిగితే ఆ తేడా సుమారు 9.4 మీటర్లు. చుట్టు చిన్నదైనా పెద్దదైనా అంతే. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డును రాసుకుంటూ పోక తప్పదు. ఈ చిక్కు విప్పేదే డిఫరెన్షియల్. ఇంజను దాని గూడును తిప్పుతుంది. గూడులోని చిన్న గేర్లు కుడి ఎడమ యాక్సిళ్లను తిప్పుతాయి. ఒక చక్రం వేగం ఎంత తగ్గితే రెండోదాని వేగం అంత పెరుగుతుంది.

ఇందులో ఒక లోపం ఉంది. డిఫరెన్షియల్ రెండు వైపులకూ బలాన్ని సమానంగానే పంచుతుంది. ఒక చక్రం బురదలో పడితే దాన్ని తిప్పడానికి దాదాపు బలమే అక్కర్లేదు కాబట్టి, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. ఒకటి గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. దమ్ము చేసే మడిలో ట్రాక్టరు ఇలా దిగబడితే డ్రైవరు రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే డిఫరెన్షియల్ లాక్ వేసి గట్టెక్కుతాడు. కానీ లాక్ వేసి ఉన్నంతసేపు మలుపు తిరగడం కష్టం. లాక్‌కూ మామూలు డిఫరెన్షియల్‌కూ మధ్యస్థమైనది లిమిటెడ్ స్లిప్ రకం: కొంత తేడాను సహిస్తుంది, మితిమీరితే అడ్డుకుంటుంది. 1930ల్లో జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ రేసు కార్ల కోసం జడ్‌ఎఫ్ కంపెనీ ఇలాంటిది తయారుచేసింది.

లిమిటెడ్ స్లిప్ పనితీరును అర్థం చేసుకోవడానికి బొమ్మ గీయడం కన్నా నమూనా చేసి చూడడం మేలు. లెగో టెక్నిక్ ముక్కలు చాలు. 28 పళ్ల డిఫరెన్షియల్ గూడులో మూడు 12 పళ్ల బెవెల్ గేర్లు అమర్చి, ఇరుపక్కలా యాక్సిళ్లు దూర్చాలి. ఇంతవరకు మామూలు డిఫరెన్షియలే. ఇప్పుడు ప్రతి యాక్సిల్‌కూ ఒక 24 పళ్ల గేరు తొడిగి, ఆ యాక్సిళ్లకు సమాంతరంగా మరో షాఫ్టు పెట్టాలి. ఈ పక్క షాఫ్టు మీద ఒకవైపు మామూలు 24 పళ్ల గేరు, రెండోవైపు అదే కొలత క్లచ్ గేరు ఉండాలి. అసలు కీలకం ఈ క్లచ్ గేరులోనే ఉంది. 2.5 నుంచి 5 న్యూటన్ సెంటీమీటర్ల మెలి బలం దాటితే అది తన ఇరుసు మీద జారిపోతుంది.

తిన్నగా పోతున్నప్పుడు రెండు యాక్సిళ్లూ ఒకే వేగంతో తిరుగుతాయి; క్లచ్ మీద ఒత్తిడి ఉండదు. మలుపులో వేగాలు మారితే అది రాపిడితో జారుతూ దారి ఇస్తుంది. ఒక చక్రాన్ని గాలిలోకి ఎత్తితే అసలు తమాషా కనిపిస్తుంది. ఆ చక్రానికి వచ్చిన బలానికి వేరే పని లేదు కనుక, అది క్లచ్ ఓర్చుకున్నంత మేర పక్క షాఫ్టు గుండా రెండో చక్రానికి చేరుతుంది. నేల మీది చక్రానికి తన వాటాకు తోడు ఇదీ కలుస్తుంది. గేర్ల రాపిడిని పక్కన పెడితే, 5 నుంచి 10 న్యూటన్ సెంటీమీటర్ల దాకా అందుతుంది.

నమూనా తేలికగా ఉంటే మలుపులో క్లచ్ జారేలోపే టైర్లే జారతాయి. అప్పుడది లాక్ వేసిన ఇరుసుతో సమానం. టైరు వ్యాసార్ధం 2 సెంటీమీటర్లయితే, క్లచ్‌ను జార్చడానికి ఒక్కో చక్రానికి 1.25 నుంచి 2.5 న్యూటన్ల పట్టు కావాలి. పట్టు బరువులో పదింట ఎనిమిది వంతులనుకుంటే, ఒక్కో చక్రం మీద 160 నుంచి 320 గ్రాములు పడాలి. బండి మీద నాలుగు రూపాయి నాణేలు పెడితే సరిపోదు, బ్యాటరీ పెట్టెను వెనక ఇరుసు పైనే బిగించాలి.

అసలు కార్లలో క్లచ్ గేరు బదులు రాపిడి పలకలుంటాయి. 1958లో వెర్నన్ గ్లీస్‌మన్ పేటెంటు పొందిన టోర్సెన్ రకంలో పలకలు కూడా ఉండవు, వర్మ్ తరహా గేర్ల రాపిడే ఆ పని చేస్తుంది. ఏ రకమైనా సరే, లిమిటెడ్ స్లిప్ ఉన్న కారుకు ఒక్క వెనక చక్రాన్ని జాకీతో ఎత్తి ఇంజనుతో తిప్పకూడదు. నేల మీదున్న చక్రం బండిని జాకీ మీంచి లాగేయొచ్చు.