సూర్యుణ్ణి స్త్రీలింగం చేసిన ఇంగ్లిష్

మగవారికి హి, ఆడవారికి షి, మిగతా అన్నిటికీ ఇట్. ఇంగ్లిష్ నేర్చుకునే మన పిల్లలకు లింగం పెద్దగా ఇబ్బంది పెట్టదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్ మాత్రం ఇంత సులువుగా ఉండేది కాదు. ప్రతి నామవాచకమూ పుం, స్త్రీ, నపుంసక లింగాల్లో ఏదో ఒకదానికి చెందాల్సిందే. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. ఆడమనిషిని చెప్పే 'వీఫ్' నపుంసకం. అదే అర్థమున్న 'వీఫ్‌మన్' ఏకంగా పుంలింగం, ఎందుకంటే సమాసంలో చివరి పదానిదే పెత్తనం. నేటి వైఫ్, వుమన్ ఈ రెంటి నుంచే పుట్టాయి.

సంస్కృతం చదివినవారికి ఇది వింతేమీ కాదు. భార్య స్త్రీలింగం, కళత్రం నపుంసకం, దార శబ్దం పుంలింగం, అదీ నిత్య బహువచనం. ముగ్గురూ ఒక్క ఇల్లాలే! లింగమన్నది మనిషికి కాదు, మాటకు. పక్కనున్న విశేషణమూ క్రియా ఏ రూపం తొడుక్కోవాలో అది చెబుతుంది. హిందీలో కాగజ్ పుంలింగం, కితాబ్ స్త్రీలింగం. అందుకే 'మేరా కితాబ్' అన్న తెలుగువాడు ఇట్టే దొరికిపోతాడు.

ఇంగ్లిష్‌లో ఈ లింగాలను మోసినవి చాలావరకు మాటల చివరి ప్రత్యయాలే. ఉచ్చారణ బలమంతా మొదటి అక్షరం మీద పడడంతో చివరలు నలిగిపోయాయి. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి భాషలో ధాతువులు దగ్గరివే, ప్రత్యయాలు వేరు. ఆ కలయికా తోడైందని చాలామంది పండితుల అభిప్రాయం. మార్పు ఉత్తరాన మొదలై, 14వ శతాబ్దానికల్లా దాదాపు దేశమంతా పాకింది. మిగిలినవి సర్వనామాలే. ఓడను 'షి' అనే అలవాటు ఇంకా ఉన్నా, నౌకారంగ పత్రిక లాయిడ్స్ లిస్ట్ 2002లో దాన్ని మానుకుంది.

నాకు వీటన్నిటికంటే తెలుగు పద్ధతే ఆసక్తికరం. అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవూ వచ్చింది. బహువచనంలోకి వెళ్లగానే ఆడవాళ్లు పక్షం మారుస్తారు: వాళ్లు వచ్చారు, ఆవులు వచ్చాయి. మహత్తు (ఏకవచనంలో మగవారు, బహువచనంలో ఆడవారు కూడా), అమహత్తు (మిగతావన్నీ) అని మన వ్యాకర్తలు చేసిన విభజన ఇదే. తమిళ, కన్నడాల్లో స్త్రీకి ఏకవచనంలోనే వేరే క్రియారూపం ఉంది. ఆదిలాబాద్ వైపు వినిపించే గోండి, కొలామీల్లోనైతే అందరూ ఆడవాళ్లే ఉన్నప్పుడు బహువచనంలోనూ అమహత్తే.

ఆమెకూ ఆవుకూ ఒకే క్రియారూపం ఉండడాన్నిబట్టి తెలుగువారు స్త్రీని పశువుతో సమానంగా చూశారని తీర్మానించేవారితో నేను ఏకీభవించను. టర్కిష్‌లో 'అతడు', 'ఆమె', 'అది' మూడింటికీ ఒకటే మాట. అంతమాత్రాన అక్కడి ఆడవారికి సమానత్వం ఊరికే దక్కలేదు. వ్యాకరణాన్ని సమాజానికి అద్దంగా చూపడం తొందరపాటు. అయినా 'వచ్చింది' కొందరికి చిన్నతనంగా తోచిన మాట నిజం. వారికోసం భాష కొత్త ప్రత్యయమేదీ కల్పించలేదు. స్త్రీపురుషులిద్దరికీ చెల్లే బహువచనం సిద్ధంగా ఉండనే ఉంది, అమ్మగారు వచ్చారు, టీచరుగారు వచ్చారు అంటున్నాం.