మందు డబ్బా మీది రంగు

ఫ్యాక్టరీలల్ల, బొగ్గు బాయిలల్ల పని చేసేటోళ్ల రక్షణకు చట్టాలు ఉన్నయని సోషల్ సార్ చెప్పిండ్రు. మరి పత్తి చేన్ల కైకిలికి మందు కొట్టేటోళ్లకు ఏమున్నది? మనల చాలామంది ఇండ్లల్ల ఆ పని చేసేటోళ్లు ఉన్నరు కాబట్టి ఇది రాస్తున్న.

ముందు డబ్బా సంగతి. పురుగుమందు డబ్బా మీద పతంగి ఆకారంల ఒక గుర్తు ఉంటది. దాంట్ల రెండు త్రిభుజాలు. కింది త్రిభుజంల రంగు ఉంటది. ఎరుపు అంటే అన్నిటికన్న ఎక్కువ విషం. దానికి పుర్రె, ఎముకల బొమ్మ కూడ ఉంటది. దాని తర్వాత పసుపు, దాని తర్వాత నీలం, ఆఖరుకు ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషం, విషమే లేదని కాదు. మా బాపు ఆకుపచ్చను చూసి ఇది ఆకు పసరు లెక్క మంచి మందు అనుకునేటోడు. చదువు రానోళ్లకు గూడ రంగు చెప్తే యాదికుంటది.

ఈ గుర్తు చట్టం పెట్టించింది. 1958ల కేరళ, మద్రాసు దిక్కు పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందకు పైగా మంది చనిపోయిండ్రు. దాని మీద విచారణ జరిగి 1968ల పురుగుమందుల చట్టం, 1971ల దాని నియమాలు వచ్చినయి. మందు కొట్టేటోళ్లకు మందు లోపలికి దిగని బట్టలు, ముక్కుకు నోటికి రక్షణ, జాగ్రత్తల మీద శిక్షణ ఉండాలని ఆ నియమాలల్ల ఉన్నది. మా ఊర్ల మాత్రం తువ్వాల ఒక్కటే ముక్కుకు కట్టుకుంటరు. చెమటకు తడిసిన తువ్వాల మందును ఆపదు, ఇంక పట్టి ఉంచుతది. విషం నోట్లకెళ్లే పోతదనుకుంటరు గాని చర్మంల నుండి కూడ పోతది. పంపు కారితే వీపంత తడుస్తది, ఆ అంగీతోనే పొద్దుగూకేదాక ఉంటరు.

మన ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల మహారాష్ట్రల యవత్మాల్ జిల్లా ఉన్నది. అక్కడ కూడ నల్లరేగడి, అక్కడ కూడ పత్తే. 2017 వానకాలంల అక్కడ మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయిండ్రు. వందల మంది దవాఖానల పడ్డరు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది. మందు ముఖం మీదనే పడింది. రెండు మూడు మందులు కలిపి కొట్టిండ్రు.

ఇంకొకటి ఆలోచించండి. 1984 డిసెంబర్‌ల భోపాల్‌ల పురుగుమందుల ఫ్యాక్టరీ నుండి విషవాయువు లీకై వేల మంది చచ్చిపోయిండ్రు. తర్వాత 1987ల ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పని చేసే చోట ఏం ప్రమాదం ఉన్నదో కార్మికులకు చెప్పాలె అని రాసిండ్రు. అంటే మందు తయారు చేసేటోనికి తెలుసుకునే హక్కు వచ్చింది. అదే మందు కొట్టేటోనికి ఎవరు చెప్తరు? డబ్బా పటేల్ ఇంట్ల ఉంటది. కైకిలోనికి డ్రమ్ముల కలిపిన నీళ్లే కనపడతయి. 2025 నవంబర్ 21 నుండి అమలైన కొత్త భద్రతా కోడ్ గూడ మామూలుగ 10 మంది, ఆ పైన పని చేసే చోట్లకే. చేన్ల మందు కొట్టేది ఇద్దరు ముగ్గురు.

అడగొచ్చు కదా అంటరు. చేతి తొడుగులు ఇయ్యిమని అడిగితే రేపు ఇంకొకర్ని పిలుస్తరు. అందుకే అడగకుండనే ఇచ్చేటట్టు ఉండాలె. మందు అమ్మే దుకాణపాయన డబ్బాతోపాటు తొడుగులు, ముక్కు మాస్కు ఇయ్యాలని, పంపు చేతికిచ్చే ముందు డబ్బా చూపియ్యాలని చట్టంల పెట్టాలె. పత్తి సీజన్‌ల అధికారులు దుకాణాలకే కాదు, చేన్లకు గూడ వచ్చి చూడాలె.

నష్టపరిహారం మాత్రం ఉన్నది, చాలామందికి తెల్వది. 1923 నాటి పరిహారం చట్టం జాబితాల పొలాలల్ల మందు కొట్టే పని ఉండె. చనిపోతే కనీసం 1,20,000 రూపాయలు అని 2009ల సవరించిండ్రు. ఇప్పుడు దాని స్థానంల వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌ల గూడ ఈ పని ఉన్నది. పని పెట్టుకున్నోళ్లే ఇయ్యాలె. కైకిలోనికి చీటీ ఉండదు కాబట్టి ఏ రోజు ఎవరి చేన్ల కొట్టిండో మనం నోటుబుక్కుల రాసి పెట్టాలె. నేను మా బాపుది రాస్తున్న.

ఎవరికన్న మందు కొట్టినంక చెమటలు, వాంతులు, నోట్ల చొంగ, చూపు మసక, ఊపిరాడకపోవడం ఉంటే ముందుగాల తడిసిన బట్టలు తీసి సబ్బుతోని ఒళ్లు కడగాలె. పాలు, చింతపండు నీళ్లు తాగించుకుంట ఇంట్ల కూసోవద్దు. దవాఖానకు తీస్కపోవాలె. డబ్బా గూడ సంచిల పెట్టుకొని పోవాలె. కొన్ని మందులకు అట్రోపిన్ అనే ఇంజెక్షన్ విరుగుడు. డబ్బా మీది పేరు చూస్తేనే డాక్టరుకు తొందరగ తెలుస్తది.