ప్రాజెక్టు నివేదికలలో రచనాచౌర్యం: నివారణలో అధ్యాపకుల పాత్ర

రాష్ట్రంలోని డిగ్రీ విద్యార్థులకు 2020–21 విద్యా సంవత్సరపు పాఠ్యప్రణాళికతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం ముగిసిన అనంతరం విద్యార్థి ఒక గ్రామంలో గాని, వార్డులో గాని 180 గంటలు పనిచేసి, ఇంటింటి సర్వే జరిపి, రోజువారీ పనిని లాగ్‌బుక్కులో నమోదు చేసి, నివేదిక సమర్పించాలన్నది దీని ఉద్దేశం. పాత నివేదికలో ఊరి పేరు మాత్రం మార్చి సమర్పించినచో ఆ ఉద్దేశమే దెబ్బతింటుంది. ఇతరుల రచనను, మూలం పేర్కొనకుండా, తనదిగా చూపుటయే రచనాచౌర్యం.

ఈ విషయమై విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం సిద్ధాంత గ్రంథాలలో 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. 10 నుండి 40 శాతం వరకు ఉన్నచో ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 60 శాతం దాటినచో పరిశోధకుని రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. కడపలోని యోగి వేమన (2006), కర్నూలులోని రాయలసీమ (2008) విశ్వవిద్యాలయాల వంటి సంస్థలలో జరిగే పరిశోధనకు ఇవి వర్తిస్తాయి. అయితే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు, జవాబు పత్రాలు ఈ నిబంధనల పరిధిలోకి రావు. కనుక డిగ్రీ స్థాయిలో బాధ్యత ప్రధానంగా కళాశాలపైన, మార్గదర్శక అధ్యాపకునిపైన ఉన్నది.

కర్నూలు, కడప ప్రాంతాలలో దీని ప్రాధాన్యం ఎక్కువ. కె.సి. కాలువ ఆయకట్టు గ్రామానికి, ఆలూరు, పత్తికొండ వైపు మెట్ట గ్రామానికి సమస్యలు ఒకటి కావు. కోసిగి వంటి మండలాల నుండి కుటుంబాలు గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు వలస వెళ్తాయి. తాళం వేసిన ఇళ్లను, బడి మానిన పిల్లలను కళ్లారా చూసిన విద్యార్థి మాత్రమే నమోదు చేయగలడు. ఆయకట్టు గ్రామపు నివేదికను నకలు చేసినచో ఆ వలస కాగితంపై కనిపించదు.

సారూప్యతను కనుగొనే సాఫ్ట్‌వేర్ కొంతవరకే ఉపకరిస్తుంది. ఆంగ్లం నుండి తెలుగులోకి మార్చిన భాగం గాని, కృత్రిమ మేధతో రాయించిన భాగం గాని దానికి సులభంగా దొరకదు. తప్పులు మాత్రం దొరికిస్తాయి. రెండు నివేదికలలో ఒకే కూడిక తప్పు, ఒకే అక్షరదోషం ఉన్నచో వాటి మూలం ఒకటే అయి ఉండవచ్చును. కడపలో పండితులచే తాళపత్ర ప్రతులను పోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ కాలం నుండి ఇది ఎరిగిన పద్ధతే.

నివేదిక చేతికి వచ్చిన తరువాత వెదకుట కంటే, వారం వారం లాగ్‌బుక్కు, సర్వే పత్రాలు చూచుట మేలు. మౌఖిక పరీక్షలో గ్రామపు నీటి వనరు ఏది, ఏ వీధిలో సర్వే మొదలైనది అని అడిగిన చాలు. జనాభా లెక్కల వంటి ప్రభుత్వ గణాంకాలను మూలం పేర్కొని వాడుకొనుట దోషం కాదని విద్యార్థులకు ముందే తెలియజేయాలి. అనుమానం కలిగినచో మార్కులు తగ్గించుటకు ముందు విద్యార్థి వివరణ తీసుకొని, అదే గ్రామంలో ఒక వీధి సర్వేను మరల చేయించవచ్చును.