వరి మడిలో తడి-ఆరుతడి పద్ధతి: గొట్టం కన్నా ముందు చూడవలసినవి

వరి నీటిని తట్టుకొనే మొక్కే గాని నీటి మొక్క కాదు. వేళ్ళకు తగిన తేమ అందుతున్నంత కాలం మడిలో నిరంతరం నీరు నిలపనవసరం లేదు. ఈ సూత్రంపై ఆధారపడిన తడి-ఆరుతడి పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పలు దేశాలలో ప్రచారం చేసింది. దీనికి కావలసిన పరికరం రంధ్రాలు గల ఒక గొట్టం మాత్రమే.

సుమారు 35 సెం.మీ. పొడవు గల గొట్టాన్ని 20 సెం.మీ. మేర భూమిలో దించి, లోపలి మట్టిని తీసివేయాలి. నాటిన రెండు వారాల తరువాత, గొట్టంలోని నీరు నేల మట్టానికి 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు 5 సెం.మీ. లోతున తిరిగి నీరు పెట్టాలి. పూతకు వారం ముందు నుండి వారం తరువాత వరకు మాత్రం నీరు తప్పక నిలపాలి. ఈ విధంగా దిగుబడి తగ్గకుండా 30 శాతం వరకు నీరు ఆదా చేయవచ్చు. నల్లరేగడి నేలలను నెర్రెలు విచ్చే వరకు ఆరనివ్వరాదు. పెట్టిన నీరు నెర్రెల గుండా లోతుకు ఇంకిపోతుంది.

మడి ఆరినప్పుడు నేలలోకి గాలి ప్రవేశించి మిథేన్ ఉత్పత్తి తగ్గుతుంది. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలలో, నిరంతరం నీరు నిలిచిన మడి గుణకం 1 కాగా, పలుమార్లు ఆరగట్టిన మడి గుణకం 0.55. అయితే తడి, పొడి మారుతున్నప్పుడు నైట్రస్ ఆక్సైడ్ విడుదల పెరగవచ్చు. కనుక యూరియాను విభజించి, ఆరిన నేలపై చల్లి వెంటనే నీరు పెట్టడం మేలు.

ఇంత సులభమైన పద్ధతి ఎందుకు విస్తరించడం లేదు? కాలువ కింది రైతుకు గొట్టం నీరు పెట్టమని సూచించిన రోజున తూములో నీరు ఉంటుందన్న హామీ లేదు. అతడు మడి నిండా నీరు నిలపడం అజ్ఞానం కాదు, ముందుజాగ్రత్త. బోరుబావి రైతుకు 2004 నుండి విద్యుత్తు ఉచితం. నీరు ఆదా చేసినా ఖర్చు తగ్గదు.

కావున ప్రదర్శన క్షేత్రాల ఎంపికలోనే మార్పు అవసరం. యాసంగిలో బోర్లు ఎండే గ్రామాలలో ఆదా అయిన నీరే చివరి తడిగా పంటను నిలబెడుతుంది. ఆ లాభం రైతు కంటికి కనిపిస్తుంది. కాలువ ఆయకట్టులో మాత్రం ఒక్కొక్క మడిని గాక, ఒక పిల్లకాలువ కింది భూమి మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలతో కలిసి ముందుగా వంతులు ఖరారు చేసి, ఆ తరువాతనే గొట్టాలు పంచాలి. ఎగువన ఆదా అయిన నీరు చివరి భూములకు చేరిందో లేదో కొలవడం కూడా విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యతే.